గంగాళం రోడ్డెక్కిన ఆదివారం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా పరవాలేదు, గోడకు ఆనుకున్నా పరవాలేదు. పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చుంటే మాత్రం ముందు దించి రండి. ఈ ముచ్చట మొదలుపెడితే నేను మధ్యలో ఆపను, మిమ్మల్ని లేవనివ్వను. మా ఊరి గంగాళం ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా ఎట్లా నడిచి వచ్చిందో, దాని వెనక ఒక ఆడపిల్ల ఎట్లా పరుగెత్తిందో చెబుతాను.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. కింద మేము, పైన ఇంటి ఓనరు. మా ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు. ఓనరుకు మెయిన్ రోడ్డు మీద బట్టల దుకాణం ఉండేది. ఆయనది గుంటూరు వైపు. దుకాణం మూటలన్నీ మా ఆయన ఆటోలోనే వచ్చేవి గనుక కిరాయి మనుషులకూ ఓనరుకూ మధ్య ఉండాల్సిన కొట్లాటలు మా మధ్య ఉండేవి కావు. అవి ఉద్యమం రోజులు. పొద్దున్నే మా సందులో ఒక పక్క నుంచి కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలు సంచులు వేసుకుని వచ్చేవాళ్ళు, ఇంకో పక్క నుంచి జై తెలంగాణ అంటూ ఊరేగింపు వచ్చేది. రెండూ ఎదురుపడితే ఊరేగింపే పక్కకు జరిగేది. "పరీక్ష ఉన్నట్టుంది, పోనీయుండ్రి" అని జెండా పట్టుకున్నవాళ్ళే దారి ఇచ్చేవాళ్ళు.

ఓనరుకు ఒక్కతే కూతురు. ఏ వస్తువు ఎక్కడ పెడితే కంటికి ఆనుతుందో, ఏది ముందు చూపించి ఏది వెనక చూపించాలో, దానికి కూడా ఒక చదువు ఉంటుందట. ఆ అమ్మాయి అది చదివింది. ఆ చదువుకు ఉద్యోగం ఎవరిస్తారో మా సందులో ఎవరికీ తెలియదు. ఆమె తండ్రికి అసలే తెలియదు. మెట్ల మీద వాళ్ళిద్దరి మాటలు మా వంటింట్లోకి వినపడేవి.

"చదివించమన్నావు, చదివించాను. ఇప్పుడు దాంతో ఏం చేస్తావమ్మా?"

"ఎగ్జిబిషన్లు డిజైన్ చేస్తాను నాన్నా."

"ఎగ్జిబిషన్‌కి డిజైన్ ఏంటే? దుకాణాలు పెడతారు, జనం వస్తారు, బజ్జీలు తిని పోతారు."

"అది కాదు నాన్నా."

"ఏది కాదు? బజ్జీలు తినరా?"

ఇట్లా సాగేది. ఆయన చెడ్డవాడు కాదు. దుకాణదారుడు. కొనేవాడు కనపడని సరుకు ఆయనకు భయం.

మా వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల బతుకుతున్నవాళ్ళకు ఒక సంఘం ఉండేది. నల్లగొండ జిల్లాలో పక్కపక్కనే ఉన్న నాలుగు ఊళ్ళ సంఘం. ఊళ్ళంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఊళ్ళో తుమ్మితే రెండో ఊరివాళ్ళు చిరంజీవ అనేటంత దగ్గర, ఒక్కో ఊరిలో అందరూ అందరికీ ఏదో ఒక వరస అయ్యేటంత చిన్న. సంఘానికి పెద్ద ఒక రిటైరైన బస్ కండక్టర్. ఆయన మీటింగులో కూడా "జరుగుండ్రి, ముందలికి జరుగుండ్రి" అనేవాడు. పట్నంలో పుట్టిన పిల్లలకు మన ఊళ్ళు ఎట్లా ఉంటాయో చూపించాలని ఆయనకు ఆలోచన పుట్టింది. మూఢం నడుస్తున్నది, పెళ్ళిళ్ళు లేవు, మావాళ్ళదే ఒక ఫంక్షన్ హాల్ ఖాళీగా ఉన్నది. ఇంకేం కావాలి?

కావలసింది సర్దేవాళ్ళు. ఆ మాట రాగానే మా అత్తమ్మ మా ఓనరు కూతురి సంగతి ఎత్తింది. మా అత్తమ్మ సంఘంలో మెంబరు కాదు. కాని ఏ మీటింగుకూ పోకుండా ఉండలేదు.

సంఘం పెద్ద తల గోక్కున్నాడు. "ఆంధ్ర పిల్లతోటి మన ఊర్ల ముచ్చట చెప్పిచ్చుడేందమ్మా? జనం నవ్వరా?"

"ఏడి ఆంధ్రనయ్యా? గా పిల్ల మలక్‌పేట దవాఖానల పుట్టింది. మనమే మొన్నమొన్న బస్సు దిగినం. నువ్వే టికెట్ కొట్టినవ్ నాకు."

ఆయన నవ్వేశాడు. పని అమ్మాయికి వచ్చింది.

ఆ సంతోషం మెట్లెక్కి పైకి పోయేసరికి దాని కాళ్ళకు తండ్రి ఒక తాడు కట్టాడు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో కొత్త బ్యాచ్ సోమవారం మొదలవుతుంది. ప్రదర్శన ఆ ముందు రోజు, ఆదివారం దాకా ఉంటుంది. "ఆదివారం నేను వచ్చి చూస్తాను. నిన్ను ఇంకో పనికి పిలిచేవాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కనపడాలి. లేదా సోమవారం పొద్దున్నే కోచింగ్. మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

అమ్మాయి ఒప్పుకున్నది. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఒక మ్యూజియంలో పనిచేసే మేడం ఆదివారం వస్తానని మాట ఇచ్చిందట. ఆ మేడంకు నచ్చితే పని ఇస్తుందని అమ్మాయి ఆశ. "ఆంటీ, ఆవిడ ఒక్కసారి చూస్తే చాలు" అని రోజూ నాతో అనేది. నేను మొక్కని దేవుడు లేడు.

మొదట సంఘం పెద్ద నాలుగు ఊళ్ళకూ ఫోన్లు చేశాడు. ప్రదర్శనకు ఇళ్ళల్లో వాడే పాత సామాన్లు పంపమన్నాడు. మా ఆయన ట్రాలీ నింపుకుని వచ్చాడు. అమ్మాయి తాడు విప్పి చూసింది, అట్లాగే నిలబడిపోయింది.

అన్నీ స్టీలు బిందెలు. తళతళ. కొన్నింటికి అట్టపెట్టెలు కూడా ఊడదీయలేదు. పెళ్ళిలో ఎవరు పెట్టారో వాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. ఇసుర్రాయి పంపమంటే ఒక ఇంటివాళ్ళు మిక్సీ పంపారు. ఇంకొకరు నిజంగా పాత రోలే పంపారు గాని, దానికి వెండి రంగు పూసి, చుట్టూ ఆకుపచ్చ గీత గీసి పంపారు. ఒక నాగలి వచ్చింది, ఎర్ర రంగు ఇంకా ఆరలేదు, మా ఆయన చొక్కాకు అంటింది. అన్నింటికంటే పైన ఒక అద్దం కట్టిన ఫొటో ఉన్నది. కొత్తగా వేసిన స్లాబు ఇల్లు, ముందు మోటర్‌సైకిల్.

"ఆంటీ, పాతవి పంపమన్నాం కదా?"

నేనేం చెప్పను? నలుగురు చూసే చోటికి ఎవరైనా చిరిగిన చీర కట్టుకుని పోతారా? ఊరు పట్నానికి వస్తున్నది గనుక ఊరు కూడా మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. అమ్మాయికి అది అర్థమై నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నది.

ఇక మేమే బయలుదేరాం. ముందు మా ఆయన, పక్కన అత్తమ్మ, వెనక ట్రాలీలో బొంత పరుచుకుని నేనూ అమ్మాయీ. పెద్ద అంబర్‌పేట్ దాటాక గాలికి మా మాటలు మాకే వినపడలేదు. మొదటి ఇంట్లో అమ్మాయే అడిగింది. "పాత కుండలు, ఇసుర్రాయి, అలాంటివి ఏమైనా ఉన్నాయా అండీ?"

ఇంటామె ముఖం చిన్నబోయింది. "మా ఇంట్ల పాతయి ఎందుకుంటయమ్మ? గ్యాస్ ఉన్నది, కుక్కర్ ఉన్నది. మాకేం తక్కువ?" అంటూనే మూలనున్న ఇసుర్రాయి మీద గోనెసంచి కప్పింది.

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంటి దగ్గర మా అత్తమ్మ ఓపిక అయిపోయింది. ట్రాలీ నుంచి దిగి, కొంగు నడుముకు చుట్టి, వాకిట్లో నిలబడి ఒక్క మాట అన్నది.

"ఉద్యమానికి కావాలె."

"ఏంది పెద్దమ్మా?"

"సామాన్. ఎల్‌బీ నగర్ల ఉద్యమానికి. కొత్తయి పనికిరావు. మీ అత్తలు, మీ అత్తల అత్తలు వాడినయి కావాలె."

ఇంక చూడండి. అటకల మీద నుంచి, పశువుల కొట్టం నుంచి, కోళ్ళ గంపల కింద నుంచి సామాను కదిలి వచ్చింది. కుండలు, గురుగులు, చాటలు, జల్లెళ్ళు, పప్పుగుత్తులు. గోనెసంచి కప్పిన ఆమె కూడా ఇసుర్రాయిని తనే మోసుకుని వచ్చింది. "నన్ను ముందుగాల అడిగిన్రు. నాది ఎనకకు పెట్టకుండ్రి" అని చెప్పింది. చివరికి మా ఊరుమ్మడి గంగాళం కూడా వచ్చింది. ఇత్తడిది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా అన్నం అందులోనే వండేవాళ్ళు. దాన్ని ఎత్తడానికి మగవాళ్ళు పోటీ పడ్డారు, తర్వాత నడుములు పట్టుకున్నారు.

తిరిగి వస్తుంటే అమ్మాయి అత్తమ్మను అడిగింది. "మామ్మగారూ, అది అబద్ధం కాదా?"

"అబద్ధమెట్లయితది బిడ్డా? మన ఊర్లు గిట్ల ఉన్నయని చూపెట్టుడు ఉద్యమం కాదా?"

ఆ మాట ఎట్లా తిరిగి వస్తుందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. ఉద్యమానికి ఇచ్చే సామాను మసితో ఇస్తారా ఎవరైనా? ప్రతి గిన్నెనూ చింతపండు పెట్టి తోమారు, ప్రతి కుండనూ పీచుతో రుద్దారు. గంగాళంలో మొఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. అమ్మాయికి మసి కావాలి. "వాడినట్టు కనపడాలి ఆంటీ, దుకాణంలో ఉన్నట్టు కాదు" అని తిరిగేది. మేము మసి పోగొట్టే ఉపాయాలు పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నాం గాని, తెచ్చే ఉపాయం ఎవరికీ రాదు.

అయినా ఆమె సర్దిన తీరు చూడాలి. ఫంక్షన్ హాల్‌లో పెళ్ళికొడుకు కూర్చునే చోట పొయ్యి వచ్చింది. భోజనాల బల్లలన్నీ పక్కకు పోయి మధ్యలో వాకిలి వచ్చింది. ఇంట్లో పొద్దున లేచిన మనిషి ఏ వరుసలో పని చేస్తుందో ఆ వరుసలోనే వస్తువులు పెట్టింది. ముందు చీపురు, తర్వాత కడవ, తర్వాత పొయ్యి. నన్ను పక్కన నిలబెట్టుకుని "తర్వాత ఏం చేస్తారు ఆంటీ?" అని అడుగుతూ పెట్టింది. నా జన్మలో ఎవరూ నా పనిని అట్లా వరసగా అడగలేదు. నేనూ దొరికింది సందు అని రెండు పనులు ఎక్కువే చెప్పాను.

ప్రతి వస్తువుకూ ఒక అట్టముక్క దారంతో వేలాడదీసింది. దాని మీద వస్తువు పేరు, దేనికి వాడతారు, ఏ ఊరిది అని రాసింది. ఊరి పేరు దగ్గర సంఘం పెద్ద పట్టుబట్టాడు. "బస్సు బోర్డు మీద రాసినట్టుండాలె. రోడ్డవతల నుంచి కనవడాలె." అమ్మాయి వద్దన్నది, అంత పెద్ద అక్షరాలైతే వస్తువు చిన్నబోతుందన్నది. ఆయన వినలేదు. చివరికి బస్సు బోర్డే గెలిచింది.

శుక్రవారం, శనివారం జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్ళు మావాళ్ళే గనుక వస్తువులు చూడటం కంటే ఒకరినొకరు చూసుకోవడం ఎక్కువైంది. పనికి పిలిచేవాళ్ళు మాత్రం కనపడలేదు. శనివారం సాయంత్రం మైకు కట్టిన ఆటో ఒకటి హాల్ ముందు నుంచి పోయింది. రేపు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో, వంటావార్పు, అందరూ తరలి రావాలని చెప్పింది.

వంటావార్పు చూడని పిల్లలు ఇప్పుడు ఉంటారు, వాళ్ళ కోసం చెబుతున్నాను. రోడ్డు బంద్ చేసి, ఆ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం. అన్నం మానేసి కొట్లాడినవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. మేము అన్నం తిని కూడా కొట్లాడాం.

ఆదివారం పొద్దున అమ్మాయి ఫోన్ మోగింది. మ్యూజియం మేడం. రోడ్లన్నీ మూసేశారు, రాలేనన్నదట. అమ్మాయి హాల్ మెట్ల మీద కూర్చుని చేతిలో దారం ఉండను చుడుతూ, విప్పుతూ ఉండిపోయింది.

"అయిపోయింది ఆంటీ. రేపు కోచింగ్."

"మీ నాన్న ఇంకా చూడలేదు గద. చూస్తే మనసు మారుతదేమో" అన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

అంతలో ఆడవాళ్ళ గుంపు ఒకటి గేట్లోకి వచ్చింది. ముందు నడిచేది మా ఊరి కూరగాయలామె. ఎల్‌బీ నగర్‌లో బండి మీద అమ్ముతుంది. ఆమె వంకాయ అంటే వనస్థలిపురంలో వినపడుతుంది.

"బిడ్డా, గంగాళం ఇయ్యి."

"ఎందుకండీ?"

"వంటకు. మా తాన గంత పెద్దది లేదు. కుండలు గూడ తీస్కపోతం."

"అవి ఎగ్జిబిట్లండీ. ముట్టుకోకూడదు."

"ముట్టకుంట ఎట్ల వండుతరమ్మ?"

"వండటానికి కాదండీ, చూడటానికి."

"చూస్తే కడుపు నిండుతదా? ఉద్యమానికే గద ఇచ్చినం మేము. పెద్దమ్మనే అడిగింది, వాకిట్ల నిలవడి. ఏం పెద్దమ్మా, అడగలే?"

అందరూ అత్తమ్మ వైపు తిరిగారు. అమ్మాయి కూడా తిరిగింది, కాపాడమన్నట్టు. మా అత్తమ్మ ఒకసారి పైకప్పు చూసింది, ఒకసారి నేల చూసింది. తర్వాత నెమ్మదిగా పోయి గోడకు వేలాడుతున్న పెద్ద గంటె తీసి భుజాన వేసుకున్నది.

"ఉద్యమమని అడిగినంక ఉద్యమానికి లేదంటె మంచిగుండదు బిడ్డా. పా, నువ్వు గూడ రా. రెండు మెతుకులు తిందువు."

చూస్తుండగానే హాల్ ఖాళీ అయింది. గంగాళం నలుగురు ఆడవాళ్ళ చేతుల మీద ఊగుతూ గేటు దాటింది. అమ్మాయి కాసేపు నోరు తెరిచి చూసింది. తర్వాత దారం ఉండ, కత్తెర, మిగిలిన అట్టముక్కలు ఒడిలో వేసుకుని వాళ్ళ వెనక పరుగు తీసింది. "అట్టలు తీయకండీ, మంట తగలనివ్వకండీ, కుండను ఉత్త రాయి మీద పెట్టకండీ" అని ఆమె గొంతు రోడ్డు దాకా వినపడింది.

నేను హాల్‌లోనే ఉండిపోయాను. తండ్రి వస్తాడు గద, ఎవరో ఒకరు ఉండాలి. వచ్చాడు. బంద్ గనుక దుకాణం మూసి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడుచుకుంటూ, చొక్కా తడిసి వచ్చాడు. చుట్టూ చూశాడు. గోడల నిండా మేకులు, మేకుల మీద ఏమీ లేదు. పొయ్యి ఉన్నది, దాని మీద గిన్నె లేదు.

"ఏమ్మా, ఎక్కడ ఎగ్జిబిషన్?"

"ఇదే సార్. రాండ్రి, చూపెడత" అన్నాను. ఇంటికి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెడతామా? "ఇగో, ఈడ చీపురు ఉంటది. పొద్దున లేవంగనే వాకిలి ఊడుస్తరు. ఈడ కడవ ఉంటది. ఇది మా పెద్ద గంగాళం."

"ఎక్కడ?"

"ఈడనే సార్."

"ఇప్పుడెక్కడుంది?"

"రోడ్డు మీద."

ఆయన ఒక్కో ఖాళీ చోటు ముందూ ఆగాడు. నేను ఒక్కో వస్తువు ఎట్లా ఉండేదో, ఎవరింటి నుంచి వచ్చిందో చెప్పాను. ఏది ఎక్కడ ఉండేదో నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది, అప్పటికీ ఇప్పటికీ. నడుస్తూ నడుస్తూ, లేని గంప కాళ్ళకు తగలకుండా ఆయన పక్కకు తప్పుకోవడం చూశాను. నాకు నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాను.

చివరికి ఆయన నిట్టూర్చాడు. "సరేనమ్మా. రేపు కోచింగ్‌కి పంపిస్తాను. దాన్ని పిలువు."

"పిలిస్తే రాదు సార్. మనమే పోవాలె."

ఆయన జంకాడు. "అక్కడికా? అంతా ఉద్యమం వాళ్ళు. నేను నోరు విప్పితే ఏ జిల్లానో తెలిసిపోతుంది."

"అన్నం తినేటోళ్ళు సార్ వాళ్ళు. రాండ్రి."

చౌరస్తా జాతరలాగా ఉన్నది. బస్సులు తిరిగే రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వరసగా పొయ్యిలు, పొగ, డప్పులు, పాటలు. పోలీసులు నీడకు నిలబడి ఉన్నారు. మా అత్తమ్మ వాళ్ళను కూడా వదలలేదు.

"తినుండ్రి బిడ్డా."

"డ్యూటీల ఉన్నమమ్మా."

"తినకపోతె డ్యూటీ ఎట్ల జేస్తరు? కూసోండ్రి."

ఆ పొగ మధ్యలో అమ్మాయి కనపడింది. చున్నీ నడుముకు కట్టుకున్నది, ముఖమంతా మసి. గంగాళం దగ్గర ఇద్దరు పెద్ద మీసాల మగవాళ్ళు ఇనుప గరిటెతో అడుగు గీకుతుంటే చెయ్యి పట్టి ఆపింది.

"అన్నా, ఇనుముతో గీకకండి. చెక్క తెడ్డు పెట్టాను చూడండి. ఆ అట్ట తడవకుండా అటు తిప్పి కట్టండి. మీరు అటు జరగండి, ఇక్కడ కుండ ఉంది, కాలు తగులుతుంది."

మీసాలవాళ్ళు జరిగారు. ఒకడు తెడ్డు తెచ్చాడు. దుకాణంలో తన నౌకర్లు తన మాట అట్లా వినడం ఓనరు ఎప్పుడూ చూసి ఉండడు.

అత్తమ్మ ఆయన్ను చూసి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది, ముందు ఆకు వేసింది. పక్కన కూర్చున్న పెద్దాయన అడిగాడు. "ఏ ఊరు సారూ మనది?"

ఆయన గొంతు సర్దుకున్నాడు. "గుంటూరు జిల్లా అండీ." చుట్టూ తినేవాళ్ళు ఆకుల మీద నుంచి తలలెత్తి చూశారు.

"అయితె కారం తింటవ్" అన్నది అత్తమ్మ.

"గుంటూరు వాళ్ళకి కారం సంగతి చెప్తారా అమ్మా?"

అత్తమ్మ పచ్చిమిరపకాయ తొక్కు ఇంత తీసి అన్నంలో వేసింది. ఆయన పరువు కోసం మొదటి ముద్ద పెద్దదే పెట్టుకున్నాడు. రెండో ముద్దకు చెవులు ఎర్రబడ్డాయి. మూడో ముద్దకు కళ్ళ నుంచి నీళ్ళు.

"రాష్ట్రం సంగతి ఎనక చూద్దం" అన్నాడు పక్క పెద్దాయన, "ముందుగాల సార్‌కు నీళ్ళియ్యుండ్రి." వరస వరసంతా నవ్వింది. ఓనరు కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. తొక్కు ఇంకొంచెం వేయించుకున్నాడు, అది వేరే సంగతి.

ఆ నీళ్ళు తాగుతుండగానే వెనక గొడవ మొదలైంది. మా నాలుగు ఊళ్ళకు అవతల ఇంకో మూడు ఊళ్ళు ఉన్నాయి, మా సంఘంలో లేనివి. వాళ్ళ మనుషులూ వంటావార్పుకు వచ్చారు. గంగాళం మీద బస్సు బోర్డు అక్షరాలతో మా ఊరి పేరు, కుండల మీద పక్క ఊరి పేరు, వాళ్ళు ఏ పొయ్యి దగ్గరికి పోయినా మా ఊళ్ళ పేర్లే. వాళ్ళ సర్పంచు తమ్ముడు ఒకాయన అట్ట పట్టుకుని చదివి, మా సంఘం పెద్దను నిలదీశాడు.

"ఏందన్నా ఇది? గంగాళం మీ ఊర్లనే ఉన్నదా? మేము చేతులల్ల ఒండుకున్నమా?"

"మేము ఎగ్జిబిషన్ పెట్టినం. పిల్ల రాసింది. చదువుకున్న పిల్ల."

"ఏ పిల్ల?"

"అగో, గా మసి పిల్ల."

ఆయన నేరుగా అమ్మాయి దగ్గరికి పోయాడు. "అమ్మా, మా మూడు ఊర్లకు గూడ గిట్ల పెట్టాలె. వీళ్ళకంటె జర పెద్దగ. ఊరి పేరు వీళ్ళ అక్షరాలకు డబుల్ ఉండాలె."

ఓనరు ఎంగిలి చేత్తోనే లేచాడు. కొనేవాడి గొంతు ఎక్కడున్నా ఆయనకు తెలుస్తుంది. "ఎప్పుడు కావాలండీ మీకు? హాల్ మీరే చూసుకుంటారా? రవాణా ఎవరిది?"

"మీరెవ్వరు సార్?"

"వాళ్ళ నాన్నని."

"నాన్నా, కూర్చోండి. నేను మాట్లాడతాను" అన్నది అమ్మాయి. ఆయన కూర్చున్నాడు. ఆమె ఆ మసి ముఖంతోనే షరతులు చెప్పింది. సామాన్లకు రంగు వేయకూడదు. తోమకూడదు. స్టీలు పంపకూడదు. అక్షరాలు మాత్రం తను అనుకున్నంతే ఉంటాయి. చివరి దానికి సర్పంచు తమ్ముడు చాలాసేపు బేరమాడి, పక్క ఊళ్ళకంటే ఒక్క గింజంత పెద్దగా ఉంటే చాలని ఒప్పుకున్నాడు.

సాయంత్రం సామాను హాల్‌కు తిరిగి వచ్చింది. అన్నీ నల్లగా, ఏ చోట మంట తగలాలో ఆ చోట మసి పట్టి, అచ్చంగా పొయ్యి మీద నుంచి దిగినట్టే. అమ్మాయి ఒక్కోదాన్ని పట్టుకుని మురిసిపోయింది. ఒక కుండ మాత్రం నెర్రె విచ్చింది. దాన్ని ఇచ్చిన ఇంటామెకు ఎట్లా చెప్పాలో తెలియక అమ్మాయి రెండుసార్లు నంబరు నొక్కి ఆపేసి, మూడోసారి ఫోన్ చేసింది. అవతల ఆమె అరిచిన అరుపు నాకూ వినపడింది.

"ఉద్యమంల పగిలిందా? నా కుండనేనా? అట్ట మీద రాయి బిడ్డా. ఉద్యమంల పగిలిందని మంచిగ రాయి."

రాసింది. మర్నాటికి ఆ సంగతి నాలుగు ఊళ్ళకూ పాకింది. మా కుండలు ఎందుకు పగలలేదని ఫోన్లు వచ్చాయి.

ఇంక సోమవారం. నేను పొద్దున్నే వాకిలి ఊడుస్తూ మెట్ల వైపు ఒక చెవి వేసి ఉంచాను. అమ్మాయి సంచి సర్దుకుని కిందికి దిగింది, ఏ సంచో తెలియదు. ఓనరు దుకాణం తాళాలు తిప్పుకుంటూ వెనకే దిగాడు. ముఖం ఎటో పెట్టుకుని అన్నాడు.

"ఈ బ్యాచ్‌లో సీట్లు నిండిపోయినట్టున్నాయి. వచ్చే బ్యాచ్ చూద్దాం."

ఆయన ఏ కోచింగ్ సెంటర్‌నూ అడగలేదు. ఆదివారమంతా నా ముందే ఉన్నాడు. అమ్మాయి సంచి భుజానికి ఎత్తుకున్నది, నేనూ చీపురు ఆపలేదు. ఆమె ట్రాలీ ముందు సీట్లో మా ఆయన పక్కన కూర్చుని ఆ మూడు ఊళ్ళకు బయలుదేరింది. అత్తమ్మ వెనక బొంత మీద ముందే ఎక్కి కూర్చున్నది, ఆమెను రమ్మని ఎవరూ పిలవలేదు.

తర్వాత చాలా బ్యాచ్‌లు వచ్చాయి. రాష్ట్రం కూడా వచ్చింది. ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఓనరు "వచ్చేదాంట్లో చూద్దాం" అంటూనే ఉన్నాడు. ఆమె పని ఎక్కడ ఉంటే అక్కడికి మొదటి రోజే పోయి, అట్టలు తిన్నగా ఉన్నాయా లేదా అని చూసి వస్తాడు. ఎవరైనా అడిగితే మాత్రం, అమ్మాయి ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదండీ అంటాడు.

ఇంతసేపు కూర్చున్నారు, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, లేవండి. ఈ ముచ్చట విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో వండింది ఇంకొక మనిషికి సరిపోయేటట్టు ఉండాలి, ఆ మనిషి వేళకు రావాలి. మీ ఇంటి ఆడపిల్ల ఏ పని మీద మనసు పెట్టుకుంటే ఆ పని తలుపు తట్టాలి. మీ ఇంటి మగవాళ్ళకు కారం ఎక్కినా కోపం ఎక్కకుండా ఉండాలి.